అపరాధమునకు తగిన దండన

పది పదునైదు సంవత్సరముల క్రిందట కోరుట్ల బస్సుస్టాండు ఎదుట నిలుచున్నవారికి ఒక దృశ్యము నిత్యము కానవచ్చుచుండెడిది. సెల్‌ఫోను దుకాణముల ముందు గల్ఫు దేశములకు బయలుదేరు యువకులు గుంపుగూడి యుండెడివారు. "అన్నా, కార్డు నిండ పాటలెక్కియ్యి" అని ఇరువదియో ముప్పదియో రూపాయలు దుకాణదారుని చేతిలో పెట్టెడివారు. గోరంత మెమరీ కార్డులో బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, నారాయణరెడ్డిగారి సినిమా గీతములు, మొన్న మొన్న విడుదలయైన చలనచిత్రము, అన్నియు క్షణములో ఇమిడిపోయెడివి. ఆ కార్డును జేబులో వేసికొని ఆ పిల్లవాడు ఎడారికి పోయెడివాడు. రెండేండ్లపాటు వానికి అదియే ఊరు, అదియే యిల్లు.

ఆ దుకాణదారుని దొంగ యని ఎవరును అనలేదు. నేనును అనలేదు. అనకపోవుటయే కాదు, నేనును ఒకసారి నా కార్డును నింపించుకొంటిని. ఈ సంగతి మొదటనే చెప్పుకొనుట మంచిది. గ్రంథస్వామ్యమును గూర్చి వ్రాయువారిలో చాలమంది తాము ఏనాడును తప్పు చేయనివారివలె వ్రాయుదురు. పాఠకుడు నవ్వి పుట త్రిప్పుటకు అదియొక కారణము.

ఈ విషయమును గూర్చి నన్ను గట్టిగా ఆలోచింపజేసినది చట్టము గాదు, ఒక మిత్రుని కష్టము. ఆయన చిరకాలము తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొనినవాడు. పింఛను సొమ్ములో కొంత మిగిల్చి, తన పద్యములను, వచనగీతములను కలిపి 500 ప్రతులు అచ్చువేయించెను. వెల 120 రూపాయలు. లోపలి పుటలో ఆనవాయితీ ప్రకారము "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి" అని ముద్రింపించెను. మూడు నెలలు గడచునంతలో ఆ పుస్తకమంతయు పుటపుటకు ఫొటో తీయబడి, పి.డి.ఎఫ్. రూపమున వాట్సాప్ బృందములలో తిరుగజొచ్చినది. ఒకరోజు దూరపు బంధువొకడు దానిని ఆయనకే పంపి, "మంచి పుస్తకము, తప్పక చదువుండ్రి" అని వ్రాసెనట. ఆ ప్రతిలో ముఖపత్రము లేదు, రచయిత పేరు గల పుటయు లేదు. ఆ నాటికి ఆయన యింటి అటకమీద అమ్ముడుపోని ప్రతులు నాలుగు వందలకు తక్కువ లేవు.

విచారింపగా తేలినదేమనగా, ఫొటోలు తీసినవాడు ఆయన పూర్వశిష్యుడే. ఒక పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాడు. గురువుగారి పద్యములు తన పిల్లలు చదువవలెనని ముచ్చటపడి, వారికి పంపెను. ఆ పిల్లలు ఇతరులకు పంపిరి. అచ్చటినుండి అది వేలకొలది పుస్తకములను పోగుచేసిన ఒక టెలిగ్రాం చానెలునకు చేరినది. ఆ చానెలు నడుపువాడెవడో తెలియదు. రచయిత పేరున్న పుటలను తొలగించినది అచ్చటనే. పుస్తకమునకును పుస్తకమునకును నడుమ ఏవో ప్రకటనలు వచ్చుచుండును. అతనికి ఆదాయము ఆ త్రోవనే.

మిత్రుడు జగిత్యాల వెళ్ళి ఒక న్యాయవాదిని కలిసికొనెను. ఆయన 1957 నాటి కాపీరైటు చట్టమును తెరచి 63వ సెక్షను చదివి వినిపించెను. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలలకు తగ్గకుండ మూడేండ్ల వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండ రెండు లక్షల వరకు జుల్మానా. వ్యాపారలాభము కొరకు చేయని పక్షమున, ప్రత్యేక కారణములను తీర్పులో వ్రాసి, న్యాయాధిపతి దీనిని తగ్గింపవచ్చును. రెండవమారు పట్టువడినచో కనీసము ఒక సంవత్సరము జైలు, లక్ష రూపాయల జుల్మానా. పైగా ఇది వారంటు లేకయే పోలీసులు నిర్బంధింపదగిన నేరమనియు, బెయిలు హక్కుగా లభింపదనియు 2022లో సుప్రీంకోర్టు స్పష్టము చేసియున్నది.

ఇదంతయు విని నా మిత్రుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "వానిని జైలులో పెట్టించుటకా నేను పద్యములు వ్రాసినది?" ఆయన ఫిర్యాదు వ్రాయకయే తిరిగి బస్సెక్కెను. శిక్షింప మనసొప్పనివాడు చేతికి చిక్కినాడు. శిక్షింపదగినవాడు చిక్కలేదు. చట్టము ఇద్దరి విషయమునను ఆయనకు ఉపయోగపడలేదు.

పాఠకులు గమనింపవలసినది ఇక్కడనే. మన చట్టమున దండన లేకపోలేదు, కావలసినంత కలదు. అయినను అది పనిచేయుట లేదు. ఎందువలన? కౌటిల్యుడు అర్థశాస్త్రారంభముననే ఈ సంగతిని విచారించెను. తీక్ష్ణదండనము ప్రజలకు రాజుపై రోత పుట్టించును, మృదుదండనము రాజును చులకన చేయును, తగిన దండనమే గౌరవము తెచ్చునని ఆయన సిద్ధాంతము. కాళిదాసు రఘువంశపు రాజులను ప్రస్తుతించుచు, అపరాధమునకు తగినంత దండించెడివారని ఒక గుణముగా ఎన్నెను. ఐరోపాలో బెకారియా 1764లో వెలువరించిన గ్రంథమున, నేరమును ఆపునది శిక్షయొక్క కాఠిన్యము గాదు, అది తప్పక వచ్చునన్న నమ్మకమే యని వాదించెను. ఇంత వేర్వేరు కాలములవారు ఇంచుమించుగ ఒకే మాట చెప్పియుండగా, మనము మాత్రము చట్టములో సంఖ్యలను పెంచుకొనుచు పోవుటయే కార్యసాధనమని భ్రమించుచున్నాము.

చలనచిత్రముల సంగతి చూడుడు. 2013 సెప్టెంబరులో "అత్తారింటికి దారేది" చిత్రములో సగమునకు పైగా, విడుదలకు కొద్ది దినముల ముందే అంతర్జాలమున బయటపడినది. పోలీసులు కృష్ణా జిల్లాలో కూపీ లాగి కొద్ది రోజులలోనే నిందితులను పట్టుకొనిరి. చిత్రము విడుదలను ముందుకు జరుపుకొని గట్టెక్కినది. ఆనాడు పనిచేసినది మూడేండ్ల జైలు అన్న అక్షరములు గావు, పోలీసుల త్వరితగతి. అయితే ఆ త్వర ఎవరికి లభించును? కోట్లు వెచ్చించిన నిర్మాతకు. 2023లో సినిమాటోగ్రాఫు చట్టమును సవరించి, అనుమతి లేక చిత్రమును రికార్డు చేయుట, ప్రదర్శించుటలకు మూడు నెలలనుండి మూడేండ్ల జైలును, మూడు లక్షలు మొదలుకొని నిర్మాణవ్యయములో 5 శాతము వరకు జుల్మానాను విధించిరి. ఆ యేడు నవంబరులో ప్రత్యేకాధికారులను నియమించి, ఫిర్యాదు అందిన 48 గంటలలో చర్య గైకొనునట్లు ఏర్పాటు చేసిరి. మంచిదే. పద్యము వ్రాసినవానికి మాత్రము అట్టి అధికారి లేడు, అట్టి గడువును లేదు.

2025 నవంబరులో "ఐబొమ్మ" అను వెబ్‌సైటును నడుపుచున్నాడను ఆరోపణపై హైదరాబాదు పోలీసులు ఒకనిని నిర్బంధించిరి. నేరనిర్ణయము న్యాయస్థానము చేయవలసినది గాన దానిని గూర్చి నేనేమియు అనను. కాని ఆ వార్త వెలువడినప్పుడు జనములో కొందరు నిందితునిపై జాలి చూపిరి. కొందరు మెచ్చుకొనిరి కూడ. టిక్కెట్టు వెలలు పేదవానికి అందకుండ పోయినవనియు, పెద్ద చిత్రములకు వెల పెంచుకొనుటకు ప్రభుత్వములే అనుమతులిచ్చుచున్నవనియు వారి వాదము. ఈ వాదములో సత్యము లేకపోలేదు. అంత మాత్రమున చౌర్యము ధర్మమగునా? కాదు. బియ్యపు వెల పెరిగినదని గాదెకు కన్నము వేసినవానిని ఊరు మెచ్చుకొనదు. ఆ వెబ్‌సైటు ద్వారా జూదపు యాప్‌లకు ప్రచారము జరిగినదని పోలీసులు చెప్పిరి. అదియే నిజమైనచో ఉచితముగా చూచితిమనుకొన్న పేదవాడు వెలను మరియొక రూపమున చెల్లించుచునే యున్నాడన్నమాట. అయినను జనము ఎందులకు జాలిపడిరని పాలకులు ఆలోచింపవలెను. ఏ శిక్షను జనము తమ మనసులో అంగీకరింపరో, ఆ శిక్షను అమలుజరుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము గాదు.

ఈ పాఠమును ఇతర దేశములు మనకంటె ముందే నేర్చుకొనినవి. అమెరికాలో ఒక స్త్రీ 24 పాటలను అంతర్జాలమున పంచుకొనినదని 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు విధించినది. పునర్విచారణలో 2009లో అది 19,20,000 డాలర్లకు పెరిగినది. అనేక పర్యాయములు పైకిని క్రిందికిని పోయి, చివరకు మొదటి మొత్తమే నిలిచినది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు జోక్యము చేసికొననన్నది. పాటకు తొమ్మిది వేల డాలర్లకు పైమాట! ఆ తీర్పు సంగీతకంపెనీలకు ప్రతిష్ఠ తేలేదు, అపఖ్యాతిని తెచ్చినది. ఫ్రాన్సు 2009లో మరియొక మార్గము త్రొక్కినది. రెండు హెచ్చరికల తరువాత మూడవసారి తప్పుచేసిన యింటికి అంతర్జాల సంబంధమునే త్రెంచివేయుదుమని శాసించినది. ఆ శిక్ష పడినది ఒక్కనికే, అదియు 15 దినములకు. 2013లో ప్రభుత్వమే ఆ శిక్షను రద్దుచేసినది. కెనడా మాత్రము 2012లో వివేకముతో వ్యవహరించినది. లాభాపేక్ష లేక చేసిన ఉల్లంఘనలకు, పుస్తకములెన్నియైనను, పాటలెన్నియైనను, అన్నిటికిని కలిపి 100 మొదలు 5,000 డాలర్ల వరకే పరిహారమని హద్దు గీచినది. వ్యాపారము చేసినవానికి ఒక్కొక్క కృతికి 500 మొదలు 20,000 డాలర్ల వరకు నిర్ణయించినది. పిల్లలకు పద్యము పంపిన ఉపాధ్యాయుని, ప్రకటనలతో సొమ్ము చేసికొను చానెలువానిని ఒక్క త్రాట కట్టకుండుట అనగా ఇదియే.

మన చట్టమున అట్టి నిర్ణీతపరిహారము లేదు. 55వ సెక్షను క్రింద నిషేధపుటుత్తర్వును, నష్టపరిహారమును, లాభముల లెక్కను కోరవచ్చును. కాని నష్టమెంతయో ఋజువుచేయుట వాది భారము. నా మిత్రుడు ఏమని ఋజువుచేయగలడు? ఆ పి.డి.ఎఫ్. లేకున్నచో అటకమీది ప్రతులు అమ్ముడుపోయెడివని ప్రమాణము చేయగలడా? కవిత్వపు పుస్తకముల అమ్మకమెట్టిదో ఎరిగినవాడు గనుక, అబద్ధమాడ నొల్లడు. న్యాయముగా చెప్పవలెనన్న, ఆయనకు కలిగిన నష్టములో అధికభాగము రూపాయలలో లెక్కకు వచ్చునది గాదు.

ఒక మంచి మాటయు చెప్పవలెను. తాను నివసించు చోటనే వ్యాజ్యము వేయు వీలును 62వ సెక్షను గ్రంథకర్తకు కల్పించినది. కోరుట్ల కవి ఢిల్లీకో బొంబాయికో పోనక్కరలేదు. 2022 జూనులో తెలంగాణములో జిల్లాకొక న్యాయమండలము ఏర్పడిన తరువాత జగిత్యాలలోనే జిల్లా న్యాయస్థానమున్నది. 2013 నాటి నియమముల ప్రకారము, అంతర్జాలమున ఇతరుల సరుకును నిలువయుంచు సంస్థకు రచయిత వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసినచో, అది 36 గంటలలో ఆ ప్రతి అందకుండ చేయవలెను. కాని 21 దినములలో న్యాయస్థానపు టుత్తర్వు తేకున్నచో తిరిగి తెరువవచ్చును. ఇరువదియొక్క దినములలో ఉత్తర్వు! వకీలు ఫీజు, కోర్టు రుసుము, వాయిదాలు ఎరిగినవారికి ఈ గడువు ఎంత చిన్నదో చెప్పనక్కరలేదు. పెద్ద సంస్థలకు ఈ కష్టము లేదు. 2019లో ఢిల్లీ హైకోర్టు, ఒక దొంగవెబ్‌సైటును మూసిన వెంటనే మారుపేరుతో పుట్టు కొత్తవాటికిని అదే ఉత్తర్వు వర్తించునట్లు ఒక పద్ధతిని ఏర్పరచినది. ఆ పద్ధతి ఫలము అనుభవించునది న్యాయవాదుల దండు గలవారే. చట్టము మేడమీద నున్నది, సామాన్య రచయితకు నిచ్చెన లేదు.

మరియొక వైపును మరువరాదు. నేడు ఎక్కువగా అమలగుచున్న దండన న్యాయస్థానములది గాదు, యూట్యూబు వంటి సంస్థలది. తొంబది దినములలో మూడు "స్ట్రయికులు" పడినచో చానెలే పోవును. మన కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో జానపదగీతములను పాడి, చిత్రించి, దానిపైననే జీవించు యువకళాకారులు ఎందరో యున్నారు. తాతముత్తాతల నాటి పాట ఎవని సొత్తును గాదు. ఒకడు పాడి రికార్డు చేసినచో ఆ రికార్డింగుమీదనే వానికి హక్కు. కాని తాను ముందు రికార్డు చేసితిని గాన పాటయే తనదని ఒకడు ఫిర్యాదు చేసిన, రెండవవాని చానెలు చిక్కున పడును. విచారణ లేదు, న్యాయాధిపతి లేడు, ఎదుటివాని ముఖము కనబడదు. నిరాధారముగా బెదరించువానిపై వ్యాజ్యము వేయుటకు మన చట్టములో 60వ సెక్షను ఉన్నది. ఆ సంగతి ఎరిగిన పాటగాడు మాత్రము అరుదు. కావున తప్పుడు ఫిర్యాదునకును వెల యుండవలెను. లేనిచో రక్షణకై పెట్టిన కంచెయే చేను మేయును.

ఇక పేరు సంగతి. నా మిత్రుడు అమ్మకము పోయినదని అంతగా దుఃఖింపలేదు. పేరున్న పుట చింపినారని దుఃఖించెను. ఇది ఆయన ఒక్కని కష్టము గాదు. జగిత్యాలలో పుట్టి, ఫొటోస్టూడియో నడుపుకొనుచు, నలువది యేండ్లయినను నిండకయే 1993లో క్షయవ్యాధితో మరణించిన అలిశెట్టి ప్రభాకర్ కవితలు నేడు ఎన్నియో ఫోనులలో తిరుగుచున్నవి. కొన్నిటి క్రింద ఆయన పేరుండును, కొన్నిటి క్రింద ఉండదు. చట్టప్రకారము వాటిపై హక్కు 2053 చివరి వరకు ఉన్నది. బ్రతికియున్ననాడు ఆ కవికి లోకము ఏమి ముట్టచెప్పినదో మనమెరుగుదుము. పోయిన తరువాత పేరునైనను మిగుల్పకుండుట ఏ ధర్మము? సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారి గీతములను వినుచు, ఇవి ఎవరివో ఎరుగనివారు ఎందరున్నారు! సినిమా పాటల రచయితకును స్వరకర్తకును రాయల్టీలో సమభాగమును త్యజింపరాని హక్కుగా 2012 సవరణ కల్పించినది. ఆ హక్కు ఫలించుటకు మొదట పాట వెంట పేరు ప్రయాణము చేయవలెను గదా.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమును వ్రాయునాటికి చట్టము లేదు, సెక్షనులు లేవు. ఆయన పద్యము ఎన్ని నోళ్ళలో నానినను, ఎంతమంది వ్రాసికొనినను, ప్రతి పద్యము చివర మకుటములో ధర్మపురి వెంట వచ్చుచునే యుండెను. ఆ మకుటమును కోసివేసి పద్యము చదువుట ఎవనికిని తోచదు. నేడు ఆ శతకము అందరి సొత్తు. ఎవరైనను అచ్చువేయవచ్చును, పాడవచ్చును, పంచవచ్చును. పంచుకొనుటకును దోచుకొనుటకును గల భేదము మన పెద్దలకు తెలియును. ఫోను చేతికి వచ్చిన తరువాత మనము దానిని మరచితిమి.

కాబట్టి నా సూచనలివి. మొదటిది, లాభాపేక్ష లేక పంచినవానికి జైలు అను మాట చట్టమునుండి పూర్తిగా తొలగవలెను. ముందు వ్రాతపూర్వకమైన తాఖీదు, ప్రతిని తీసివేయుట, అటుపై పుస్తకపు వెలకు పదింతలో ఇరువదింతలో మించని నిర్ణీతపరిహారము. మరల చేసినచో అది రెట్టింపు. రచయిత క్షమించినచో వ్యవహారము అంతటితో ముగియవలెను. రెండవది, సొమ్ము చేసికొనువానికి 63వ సెక్షను ఉండనే యుండవలెను. దానికంటె ముందు వాని ప్రకటనల ఆదాయమును, చెల్లింపుల మార్గమును మూయవలెను. వానికి జైలుకంటె రాబడి ఆగుటయే ఎక్కువ భయము. మూడవది, పేరును తొలగించుట వేరొక అపరాధముగా ఎంచి, దానికి కనీసపరిహారమును నిర్ణయింపవలెను. నాలుగవది, ఇంగ్లండు 2012లో 5,000 పౌండ్ల లోపు తగాదాలకును, అమెరికా 2022లో 30,000 డాలర్ల లోపు తగాదాలకును సులభమైన విచారణామార్గములను తెరచినట్లు, మన జిల్లా కేంద్రములలోను వకీలు లేకయే తెలుగులో అర్జీ పెట్టుకొను వీలు కల్పింపవలెను. ఇరువదియొక్క దినముల గడువు ఆ అర్జీ పెట్టిన రోజుతోనే ఆగిపోవలెను. ఐదవది, తెలిసి తప్పుడు ఫిర్యాదు చేసినవాడును అంతే పరిహారము ఇయ్యవలెను.

జ్ఞానమును వెలకట్టరాదని కొందరు అనవచ్చును. కొనలేని విద్యార్థి ఎట్లు చదువవలెనని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు గ్రంథాలయము. ఊరి గ్రంథాలయము క్రొత్త పుస్తకములను కొన్న నాడు రచయితకు నాలుగు ప్రతులు అమ్ముడుపోవును, విద్యార్థికి చదువు అందును. ప్రభుత్వము చేయవలసిన దానమును అటక నిండిన కవి చేత బలవంతముగా చేయించుట న్యాయము గాదు.

నా మిత్రుని కథ ఎట్లు ముగిసినదో చెప్పి విరమింతును. శిష్యుడు విషయము తెలిసి ఒక సాయంకాలము గురువుగారి యింటికి వచ్చి వాకిట నిలుచుండెను. ఆయన లోనికి పిలిచి చాయ ఇప్పించి, అటకమీదినుండి నలువది ప్రతులు దింపించెను. "నీవు ఎవరెవరికి పంపితివో వారివద్దకే పోయి అమ్ముకొని రా. ఇదియే నీ శిక్ష" అనెను. ఆ యువకుడు నెల దినములలో ఇరువదియారు ప్రతులు అమ్మి సొమ్ము తెచ్చి యిచ్చెను. తక్కిన పదునాలుగు ప్రతులను తానే కొని తన పాఠశాలకు ఇచ్చెను. ఆ నాటినుండి వాడు ఫోనులో పుస్తకము వచ్చినచో ముందు పేరున్న పుట ఉన్నదా యని చూచుచున్నాడట.

కాని ప్రతి రచయితకును అట్టి శిష్యుడు దొరకడు. ప్రతి తగాదాను వాకిట నిలువబెట్టి తీర్చుటయు కుదరదు. ఆ టెలిగ్రాం చానెలు నేటికిని ఉన్నది. మొన్న నేను వెదకి చూచితిని. పుస్తకము అక్కడనే యున్నది, పేరు లేదు.